మిషెల్ రోల్

మిషెల్ రోల్ 1652వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి ఆంబేర్ అను పట్టణమున జన్మించెను. తండ్రి దుకాణదారు. బాలునకు బడిచదువు కొలదిగానే లభించెను. వకీళ్లకడ పత్రములకు నకళ్లు వ్రాయుచు పొట్టపోసికొని, 1675లో పారిస్ నగరము చేరెను. అచ్చటను వ్రాతపనియే జీవనాధారము. పైగా ఆలుబిడ్డల భారము. అయినను తీరిక చిక్కినపుడెల్ల బీజగణితమును తనంతట తానే అభ్యసించెను.

ఓజానామ్ అను పండితుడొసగిన చిక్కుసమస్యను 1682లో రోల్ సాధించెను. నాలుగు సంఖ్యలు కావలెను. వానిలో ఏ రెంటి భేదమైనను వర్గసంఖ్య కావలెను. ఇంకను నియమములు కలవు. అట్టి సంఖ్యలకు ఏబది అంకెలైన నుండునని ఓజానామ్ తలచెను. రోల్ ఏడేసి అంకెలతోనే ముగించెను! మంత్రి కోల్బేర్ సంతసించి అతనికి భృతి నేర్పరచెను. 1685లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తున స్థానము దొరకెను.

1691లో అతడు నిరూపించిన సిద్ధాంతము, మన జగిత్యాల బాటను తలచుకొన్నచో సులభముగా బోధపడును. ఒక బాటసారి జగిత్యాలలో బయలుదేరి, కోరుట్లదాక నడచి, ఆ బాటనే మరలివచ్చెననుకొందము. జగిత్యాలనుండి అతని దూరము మొదట సున్న, తుదకును సున్న. కావున నడుమ ఒక క్షణమున ఆ దూరము పెరుగకయు తరుగకయు ఉండితీరవలెను. అది అతడు కోరుట్లలో వెనుదిరిగిన క్షణము. రోల్ దీనిని సమీకరణముల మూలములు వెదకుటకై, కేవలము బీజగణితముచేతనే సాధించెను.

విచిత్రమేమనగా, న్యూటన్, లైబ్నిజ్‌లు కల్పించిన కలనగణితమును అతడు నమ్మలేదు. సున్న కాదని చెప్పి భాగించిన అత్యల్పరాశిని మరునిమిషమున సున్నయని త్రోసివేయుట అతనికి మోసముగా తోచెను. 1700 నుండి పరిషత్తులో వాదములు చెలరేగెను. రోల్ చూపిన ఉదాహరణములలోని తప్పులను వారిన్యాన్ అను గణితజ్ఞుడు బయటపెట్టెను. ఉదాహరణములు తప్పులే, శంక మాత్రము ఊరక పుట్టినది కాదు. 1706 నాటికి రోల్ తన వాదమును విడిచెను. 1719లో పారిస్‌లోనే మరణించెను.

పిదప లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతమును చెప్పెను. జగిత్యాలనుండి సిరిసిల్లకు పోవు బస్సు సగటున గంటకు 30 కిలోమీటర్లు నడచినచో, త్రోవలో ఏదో యొక క్షణమున దాని వేగము సరిగా 30 అయితీరును. 1823లో కోషీ ఈ సిద్ధాంతము నాధారముగా గొని, రోల్ శంకించిన పునాదిని గట్టిపరచెను. బాటసారి కథలోని సిద్ధాంతమునకు 19వ శతాబ్దమున పండితులు రోల్ పేరు పెట్టిరి. నేటి కలనగణిత గ్రంథములలో అది మధ్యమ మూల్య సిద్ధాంతమునకు ముందుగా వచ్చును.