జాన్ క్విన్సీ ఆడమ్సు

అధికారమున నున్నప్పుడు గొప్పవారుగా గనబడువారు పెక్కుమంది కలరు. అది పోయిన పిమ్మట గొప్పవారైనవారు మిక్కిలి యరుదు. అట్టివారిలో నొకరగు జాన్ క్విన్సీ ఆడమ్సుగారి చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1767 వ సంవత్సరము జూలై 11 వ తేదీని అమెరికాలోని మసాచుసెట్సు సీమయందు జన్మించెను. తండ్రియగు జాన్ ఆడమ్సు ఆ దేశమునకు రెండవ యధ్యక్షుడు. కుమారుడు 1825 లో ఆఱవ యధ్యక్షుడయ్యెను గాని, 1828 నాటి యెన్నికలో ఆండ్రూ జాక్సను చేతిలో నోడిపోయెను. మఱియొకరైనచో నంతటితో నింటిపట్టున నుండెడివారే. ఈయన మాత్రము 1831 లో ప్రతినిధి సభయందు సామాన్య సభ్యుడుగా బ్రవేశించి, మరణపర్యంతము, సుమారు పదునేడేండ్లు, అచటనే పనిచేసెను. ప్రజలు పంపిన యే పనియు దక్కువది కాదని యాయన నమ్మకము.

ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో ఆఫ్రికా సంతతివారిని బానిసలుగా నుంచుకొనుచుండిరి. ఆ దురాచారమును మాన్పవలయునని సభకు వేలకొలది యర్జీలు వచ్చుచుండెను. అట్టి యర్జీలను విచారింపకయే ప్రక్కన బెట్టవలెనని 1836 లో సభవారు నిబంధన చేసిరి. ప్రజల మొఱ నాలకింపని సభ ప్రజలసభ యెట్లగునని ఆడమ్సుగారు వాదించి, యేటేట దాని నెదిరించిరి. 1842 లో ప్రతిపక్షులు వారిని సభలో నభిశంసింప బూనిరి. వృద్ధుడైనను వెనుదీయక, రెండు వారముల పాటు తన పక్షమున దానే వాదింపగా, ఆ తీర్మానము మూలబడెను. తుదకు 1844 డిసెంబరు 3 వ తేదీని వారి ప్రతిపాదనము మీదనే యా నిబంధన రద్దయ్యెను.

ఇంతకు మున్ను, 1841 లో, డెబ్బది మూడేండ్ల ప్రాయమున, ఆమిస్టాడ్ అను నోడలోని ఆఫ్రికనుల పక్షమున సుప్రీముకోర్టులో వాదించిరి. వారు బానిసలు కారని, స్వతంత్రులని కోర్టువారు తీర్పు చెప్పిరి.

ఆడమ్సుగారు నిర్దోషులని మేము చెప్పజాలము. వారి మాట కటువు; నడవడి ముభావము. అధ్యక్షులుగా నుండి తలపెట్టిన కార్యములు పెక్కు నెఱవేరలేదు. అయినను పండ్రెండవ యేట మొదలిడిన దినచర్య రచనను జీవితాంతము విడువని యా పట్టుదలయే సభలోను వారికి దోడయ్యెను.

1848 ఫిబ్రవరి 21 వ తేదీని సభలో దమ స్థానముననే కుప్పగూలి, 23 వ తేదీని ఆ భవనముననే కన్నుమూసిరి. బానిసత్వము రాజ్యాంగరీత్యా రద్దగుట 1865 లో గాని జరుగలేదు. ఫలమును దాము చూడజాలమని యెఱిగియు విత్తనము నాటుటయే నిజమైన సేవ యని మన మీ చరిత్రమువలన దెలిసికొందము.