మాండొలిన్ శ్రీనివాస్: కరెంటు తీగ మీద గమకం

బ్యాండ్ పెట్టుకున్న ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే గొడవ. రికార్డింగ్ అనగానే ఏ ఆంప్, గెయిన్ ఎంత, రిథమ్‌కీ లీడ్‌కీ ఒకటే సెట్టింగ్ సరిపోతుందా? దీనికి జవాబు కోసం అమెరికా వాళ్ల వీడియోలన్నీ చూసేస్తాం. కానీ విజయవాడలో నర్సాపురం రైలెక్కితే గుడివాడ, భీమవరం దాటాక పాలకొల్లు వస్తుంది. ఈ ప్రశ్నతో జీవితమంతా గడిపిన మనిషి ఆ ఊళ్లోనే పుట్టాడు. ఆయన మెటల్ వాయించలేదు, కర్ణాటక సంగీతం వాయించాడు. ఆయన పోయి దశాబ్దం దాటింది. అప్పటికి మనం ఇంకా చిన్న క్లాసుల్లో ఉన్నాం కాబట్టి మనలో చాలామందికి పేరు తెలుసు గానీ కథ తెలీదు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఆయన మాండొలిన్ ఉండేది. ఆరేళ్ల వయసులో పిల్లాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, ఇక వదల్లేదు. కొడుకు చేతిలో ఏదో ఉందని నాన్నకి అర్థమై, తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరే చేర్పించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఇక్కడ తమాషా ఏంటంటే, గురువుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది తీగ మీద వెతుక్కునేవాడు. నా లెక్కలో మొత్తం కథకి మూలం ఇదే. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి, గొంతు చేసే పని వాయిద్యంతో ఎలా చేయించాలా అన్నదే మొదటి రోజు నుంచీ ఆ పిల్లాడి ముందున్న ప్రాబ్లమ్.

ఆ ప్రాబ్లమ్ చిన్నది కాదు. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే టింగుమంటుంది, వెంటనే చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్య సంగీతంలో ఒకే స్వరాన్ని గబగబా పైకీ కిందకీ మీటుతూ నిలబెడతారు. మన సంగీతానికి అది కుదరదు. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది ఒక చోట నిలబడే స్వరమే కాదు, ఊగుతూ ఉంటేనే తోడి. ఒక్కసారి మీటి, ఆ నాదం బతికి ఉండగానే వేలితో ఊపాలి. నాదమే లేకపోతే దేన్ని ఊపుతాం? పైగా జత తీగల్ని కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతిలో ఉండటం కష్టం.

శ్రీనివాస్ దారి ఇది: జతలు తీసేసి ఒంటి తీగలు, మొత్తం ఐదు. డొల్ల పెట్టె బదులు ఎలక్ట్రిక్ మాండొలిన్, దాని వెనక ఆంప్లిఫయర్. గట్టి చెక్క బాడీ తీగ శక్తిని తొందరగా మింగేయదు, కాబట్టి నాదం ఎక్కువసేపు ఉంటుంది. పికప్ ఆ చిన్న కదలికని కూడా పట్టుకుంటుంది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది. అంటే ఆయనకి ఆంప్ సౌండ్ పెంచుకునే డబ్బా కాదు, వాయిద్యంలో సగం.

మొదటి కచేరీ మన గుడివాడలోనే. 1978, త్యాగరాజ ఆరాధన ఉత్సవం, తొమ్మిదేళ్ల వయసు. తర్వాత కుటుంబం మద్రాసు వెళ్లింది. 1981లో అక్కడ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించాడు. కరెంటుతో పలికే విదేశీ వాయిద్యం, అదీ పన్నెండేళ్ల పిల్లాడి చేతిలో. పెద్దవాళ్లకి అనుమానం రావడం సహజమే. (వయొలిన్ కూడా తెల్లవాళ్ల దగ్గర నుంచే వచ్చింది, రెండొందల ఏళ్లు గడిచాక ఎవరికీ గుర్తులేదు, అంతే.) ఆ అనుమానానికి వాదించి జవాబు చెప్పలేం. గమకం సరిగ్గా పలికితే ఉంటారు, లేకపోతే లేచి వెళ్లిపోతారు. ఉన్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్, 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవం, 1998లో పద్మశ్రీ. ఈ లిస్టు ఇంకా పొడుగు, నాకు అంత ఆసక్తి లేదు.

నాకు ఆసక్తి ఉన్నది ఆయన డిస్టార్షన్ ఎందుకు వాడలేదన్నది. మెటల్‌లో నాదం నిలబెట్టడానికి మనం గెయిన్ పెంచుతాం. ఆంప్ శిఖరాల్ని కత్తిరించేస్తుంది, గట్టిగా మీటినా మెల్లగా మీటినా దాదాపు ఒకే ఎత్తులో వస్తుంది, అందుకే స్వరం ఆగకుండా సాగినట్టు వినిపిస్తుంది. కానీ ఆ కత్తిరింపులో పోయేది మీటు. కర్ణాటక సంగీతంలో ఏ అక్షరం మీద మీటు పడింది, ఎంత బరువుగా పడింది అన్నదే సాహిత్యం. అది చదునైపోతే కీర్తన మాటలు పోయినట్టే. అందుకే ఆయనకి క్లీన్ సౌండే కావాలి, నాదం నిలబెట్టే భారం వేళ్ల మీద వేసుకున్నారు.

మన రికార్డింగ్‌కి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. రిథమ్‌లో పామ్ మ్యూట్ మీటు తెలియాలంటే గెయిన్ మనం అనుకున్నదానికంటే తగ్గించాలి. బరువు గెయిన్‌తో రాదు, అదే రిఫ్‌ని రెండుసార్లు వాయించి ఎడమకొకటి కుడికొకటి పెడితే వస్తుంది. లీడ్‌కి నాదం సాగాలి కాబట్టి అక్కడ గెయిన్ పెంచినా పర్లేదు, మిడ్స్ మాత్రం తీసేయకూడదు. క్లీన్ ముక్కకి వేరే ఆంప్. మెటాలికా కూడా క్లీన్ భాగాలకి రోలాండ్ జాజ్ కోరస్ వాడింది. హాస్టల్ రూమ్‌లో ఇవన్నీ లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఆంప్‌లే అనుకోండి, లెక్క మారదు.

శ్రీనివాస్ గారు హెవీ వాళ్లకి దూరంగా ఏమీ లేరు. 1995లో మైకేల్ బ్రూక్‌తో డ్రీమ్ ఆల్బమ్ చేశారు. బ్రూక్ అంటే ఇన్ఫినిట్ గిటార్ తయారుచేసినవాడు, మీటిన స్వరం ఎప్పటికీ ఆరిపోకుండా ఎలక్ట్రానిక్స్‌తో నిలబెట్టే గిటార్. నాదం కోసం తపించిన ఇద్దరూ ఒకే ఆల్బమ్‌లో దొరికారన్నమాట. తర్వాత జాన్ మెక్‌లాక్లిన్ రిమెంబర్ శక్తిలో చేరారు. 1970లలో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు చిల్లులు పడేలా వాయించిన మెక్‌లాక్లిన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒక పక్క, పాలకొల్లు మాండొలిన్ ఒక పక్క, మధ్యలో జాకిర్ హుస్సేన్ తబలా. ఇద్దరూ ఒకే పదాన్ని అందుకుని మార్చుకుంటుంటే గొంతు ఎవరిదో గుర్తుపట్టడం సులువే: మాండొలిన్ స్వరం చివర్న వంగుతుంది.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయారు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులు. 45 ఏళ్లే. తమ్ముడు రాజేష్ అన్న దగ్గరే నేర్చుకుని, అన్న పక్కనే కూర్చుని వాయించిన మనిషి. ఆయన ఆ ఎలక్ట్రిక్ మాండొలిన్‌నే కొనసాగించారు. వినాలనుకుంటే ముందు అన్నదమ్ములిద్దరూ కలిసి వాయించిన కచేరీ ఒకటి పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్‌లో, రాగాలాపన స్కిప్ చేయకుండా.