అమ్మ ఒడిని చిత్రించిన బ్రహ్మచారి: సర్ జాషువా రేనాల్డ్స్

జాషువా రేనాల్డ్స్ 1723 జూలై 16న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో ప్లింప్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి బడిపంతులు. పదిహేడేళ్ళ వయసులో లండన్ వెళ్ళి థామస్ హడ్సన్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశారు. 1749లో ఇటలీ వెళ్ళి, అక్కడి మహాచిత్రకారుల పనితనాన్ని శ్రద్ధగా గమనించారు. రోములో ఉండగా చలికి జబ్బుచేసి వినికిడి దెబ్బతింది. ఆ తర్వాత జీవితమంతా చెవి దగ్గర గొట్టం పెట్టుకుని వినేవారు.

లండన్‌లో స్థిరపడ్డాక రేనాల్డ్స్ పేరు మారుమోగింది. 1768లో రాయల్ అకాడమీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. మరుసటి ఏడు రాజుగారు 'సర్' బిరుదు ఇచ్చారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. చాలాకాలం చెల్లెలు ఫ్రాన్సెస్ ఇల్లు చూసుకుంది. మేనకోడళ్ళు ఆ ఇంట్లో ఉండేవారు.

ఆ రోజుల్లో ప్రభువుల ఇళ్ళలో పసిబిడ్డలకు పాలివ్వడానికి దాదులుండేవారు. పెద్దింటి చిత్రపటమంటే ముందు కనబడవలసింది వంశగౌరవం. రేనాల్డ్స్ ఆ గౌరవం తగ్గనీయకుండానే తల్లీపిల్లల ఆటపాటలను కూడా పటంలోకి తెచ్చారు. 1773లో వేసిన లేడీ కోబర్న్ చిత్రంలో ఒక కొడుకు ఒడిలో, ఒకడు పక్కన, ఇంకొకడు అమ్మ మెడ పట్టుకుని వేలాడుతూ ఉంటారు. ఆ పటం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పిల్లలూ, మెడకు వేలాడిన ఆ జార్జ్ పెద్దయ్యాక నౌకాదళ సేనాని అయ్యాడు. 1814లో వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనాన్ని తగలబెట్టిన బ్రిటిష్ సేనతో వచ్చినవాడు అతనే!

డెవన్‌షైర్ డచెస్ జార్జియానాకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, 1783లో తొలిచూలు కూతురు పుట్టింది. పెద్దింటి ఆనవాయితీ పక్కనబెట్టి ఆమె తానే బిడ్డకు పాలిచ్చింది. 1786లో అకాడమీ ప్రదర్శనలో పెట్టిన చిత్రంలో ఆమె చెయ్యెత్తి ఆడిస్తుంటే, ఒడిలోని పాప రెండు చేతులూ పైకెత్తి ఎగురుతుంది. గొప్ప డచెస్ కంటే ముందు మనకు ఒక అమ్మ కనిపిస్తుంది.

రేనాల్డ్స్ రంగులతో ప్రయోగాలు చేసేవారు. అందుకే ఆయన పటాల్లో కొన్ని ముఖాలు ఎరుపు తగ్గి పాలిపోయాయి. 1789లో ఎడమకన్ను చూపు పోవడంతో కుంచె పక్కన పెట్టారు. 1792 ఫిబ్రవరి 23న కన్నుమూశారు. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో సమాధి చేశారు.

సొంత బిడ్డలు లేని ఆయన ఇతరుల బిడ్డల అల్లరిని ఎంత ఇష్టంగా గమనించారో ఆ పటాలు చూస్తే తెలుస్తుంది. రంగు వెలిసినా ఆ ఆట వెలవలేదు.