వాటాల బజారులో పుట్టిన భయము: ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ చరిత్ర

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్టల మీదుగా సోమాజిగూడకు పోవు మార్గములో, ఎర్రమంజిల్ చెంత, హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి కొంతకాలము నడచినది. 1943లో స్థాపితమైన ఆ సంస్థ 2007లో ప్రభుత్వపు గుర్తింపును కోల్పోయినది. నేడు అమీర్‌పేటలోని మదుపరి తన ఇంట కూర్చుండియే బొంబాయి వాటాలను కొనుచున్నాడు. అచట ధరలు కూలినచో ఇచట ఆతని గుండె ఝల్లుమనును. అట్టి భయము ఒక బజారు నుండి వేరొక బజారునకు ఎట్లు ప్రాకునో తెలిసికొనగోరు విద్యార్థులకు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ జీవితము గొప్ప పాఠము.

ప్రేమ్‌చంద్ 1831లో సూరతు నగరమున జన్మించెను. బాల్యముననే బొంబాయి చేరి, ఆంగ్లము నేర్చి, యౌవనమునందే వాటాల దళారిగా ప్రసిద్ధి చెందెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగగా అచటి ప్రత్తి ఇంగ్లండునకు చేరుట మానెను. లాంకషైరు మిల్లులు మన ప్రత్తికై చేయి చాచినవి. గుజరాతు నుండియు, నిజాము ప్రభువు 1853లో ఆంగ్లేయుల పాలనకు అప్పగించిన బేరారు నుండియు ప్రత్తి బొంబాయికి ప్రవహించెను. ధర పలు రెట్లు పెరిగెను. బంగారము, వెండి ఆ నగరమున రాసులు పడెను.

ఆ ధనము ఊరక యుండలేదు. క్రొత్త బ్యాంకులు, క్రొత్త కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. సముద్రమును పూడ్చి భూమి చేయుటకై ఏర్పడిన బ్యాక్ బే కంపెనీ వాటా 5,000 రూపాయలది. అది దాదాపు 50,000 వరకు పలికెను. ప్రేమ్‌చంద్ ఏ వాటాను ముట్టిన అది బంగారమగునని జనులు నమ్మిరి. బొంబాయి బ్యాంకుపై ఆయనకు గల పలుకుబడి అంతింత కాదు. వాటాలనే కుదువబెట్టుకొని బ్యాంకు అప్పులిచ్చెను. ఆ అప్పుతో జనులు మరల వాటాలనే కొనిరి. ధర పెరిగినకొలది కుదువ విలువ పెరిగెను. కుదువ విలువ పెరిగినకొలది అప్పు పెరిగెను.

1865 ఏప్రిలులో అమెరికా యుద్ధము ముగియుచున్నదన్న వార్త ప్రపంచమంతట వ్యాపించెను. ప్రత్తి ధర జారెను. జూలై 1వ తేదీన వాయిదా బేరములు తీర్చవలసి యుండగా, చెల్లింపగలవారు కానరాలేదు. వాటాలు కూలగా కుదువలు వట్టి కాగితములయ్యెను. అప్పు రాబట్టుకొనుటకు బ్యాంకులు ఒత్తిడి చేయగా, ఋణస్థులు భూములను, సరకులను, చేతనున్న సమస్తమును తెగనమ్మజూచిరి. అందరు అమ్మువారే యైనచోట కొనువాడెవడు? డిపాజిటుదారులు మంచి బ్యాంకు ఏదియో, చెడ్డ బ్యాంకు ఏదియో ఎరుగక అన్నిటిని శంకించిరి. 1866 మే నెలలో లండనులో ఓవరెండ్ గర్నీ సంస్థ తలుపులు మూయగా ఆ దెబ్బ ఇచటికిని తగిలెను. 1868లో పాత బొంబాయి బ్యాంకు మూతపడి, అదే పేరుతో వేరొకటి వెలసినది. అది 1921లో ఇంపీరియల్ బ్యాంకులోను, ఇంపీరియల్ బ్యాంకు 1955లో స్టేట్ బ్యాంకులోను లీనమయ్యెను.

ప్రేమ్‌చంద్ సంపద కరిగిపోయెను. కాని ఔదార్యముతో చేసిన దానములు నిలిచినవి. తల్లి రాజాబాయి పేరిట బొంబాయి విశ్వవిద్యాలయమున గడియార గోపురము 1878లో పూర్తి యయ్యెను. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆయన పేరిట విద్యార్థి వేతనము వెలసెను. 1875లో దళారులు సంఘముగా ఏర్పడి నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి పునాది వేసిరి. ఆ స్థాపకులలో ఆయనను ఒకనిగా చెప్పుదురు. 1906లో ఆయన కన్నుమూసెను.

ప్రేమ్‌చంద్ ఒక్కడే ఈ అనర్థమునకు కారకుడనుట న్యాయము కాదు. ఆశపడినవారు వేలమంది. భయము గాలిలో ఎగురు అంటువ్యాధి కాదు. అది అప్పుల త్రాళ్ల వెంబడి నడచును. ఒకే కుదువ, ఒకే బ్యాంకు, ఒకే ఋణదాత పలు బజారులను ముడివేసినప్పుడు, ఒక ముడి ఊడిన అన్నియు సడలును. వాటా ఎన్నడును ముట్టని డిపాజిటుదారుడు సయితము ఆ నష్టములో పాలు పంచుకొనవలసివచ్చును. వాటాల ధర ఎంత పెరిగెనని అడుగుటకు ముందు, అది ఎవరి అప్పుతో పెరిగెనని అడుగుట నేర్పిన గురువు, శిష్యునకు గణితముతోపాటు వివేకమును గూడ నేర్పినవాడగును.