పాలమూరు గజదొంగ, భీమవరం రచయిత

జురాంగ్ ఐలాండ్‌లో డ్యూటీ దిగి బస్సెక్కితే మాలో సగం మంది నిద్రే. మిగతావాళ్ల ఫోన్లలో ఈమధ్య 'గోన గన్నారెడ్డి' నవల తిరుగుతోంది. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్రే అది. ఈ నవల రాసిన అడివి బాపిరాజు గారి గురించి మనలో చాలామందికి తెలీదు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. గాంధీ గారి సహాయ నిరాకరణలో దిగి 1922లో జైలుకెళ్లారు. ప్లీడరీ చేశారు, సినిమాలకు కళాదర్శకుడయ్యారు, హైదరాబాదులో 'మీజాన్' పత్రిక నడిపారు. 1952లో పోయారు.

అసలు ఆయన చిత్రకారుడు. అందుకే కోటలు, నగలు, చీరల వర్ణన పేజీలకు పేజీలు సాగుతుంది. అక్కడ మావాళ్లు కొందరు దాటేస్తారు, దాచడమెందుకు! కానీ గన్నారెడ్డి పెళ్లికొడుకునే ఎత్తుకుపోయాడంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. దొంగ అని లోకమంతా తిట్టినా లోపల రుద్రమదేవి కోసమే పాటుపడతాడు. దోపిడీల కథ చాలావరకు కల్పనే గానీ, గోనవారు వర్ధమానపురం ఏలింది మాత్రం చరిత్ర. నాగర్‌కర్నూలు దగ్గరి నంది వడ్డెమానే ఆ ఊరు. పాలమూరంటే వలస కూలీల జిల్లా అనే మాట వినీవినీ విసిగిన తమ్ముళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

ఇది అయ్యాక 'హిమబిందు' పట్టండి. శాతవాహనుల కాలం, రాజవంశం మీదికి విషకన్య! రచయిత పోయి అరవై ఏళ్లు దాటింది గనుక మన దేశంలో ఆయన పుస్తకాలకు కాపీరైట్ లేదు.