దర్జీ కొడుకు, రంగు అద్దం

పోయిన సెమిస్టర్ గ్రాఫిక్స్ మినీ ప్రాజెక్ట్‌కి నేను ఒక మిలటరీ బండి తీసుకున్నా. మా రూమ్మేట్ దగ్గర 1/35 స్కేల్ ప్లాస్టిక్ కిట్ ఒకటుంది, జానెడు పొడవు కూడా లేని ఆర్మర్డ్ కారు. దాన్ని కొలిచి అవే కొలతలతో కంప్యూటర్‌లో కట్టా. బాడీ, టైర్లు, బురద అన్నీ బానే వచ్చాయి. కిటికీలే మోసం చేశాయి. అసలు బండిలో బుల్లెట్ ప్రూఫ్ అద్దం అంత దళసరిగా ఉంటే ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. గాజులో ఉండే కాస్త ఇనుము చేసే పని అది. నా అద్దాలేమో మంచినీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

రెండు రాత్రులు పోయాయి. కోడ్‌లో కాంతి ఎంత తగ్గాలో చెప్పే ఫార్ములా పక్కన ఒక పేరుంది: లాంబర్ట్. బండి బాడీకి వాడిన మ్యాట్ మెటీరియల్ పేరూ లాంబర్టే. రోజూ మెనూలో క్లిక్ చేసే ఆ పేరు ఒక మనిషిదని అప్పటిదాకా నాకు తట్టలేదు. బగ్ పక్కన పెట్టి ఆయన గురించి చదవడం మొదలెట్టా.

యోహాన్ హైన్రిఖ్ లాంబర్ట్ 1728 ఆగస్టు 26న ములూజ్‌లో పుట్టాడు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో స్విస్ వాళ్ళతో పొత్తున్న చిన్న నగర రాజ్యం. నాన్న దర్జీ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. పన్నెండేళ్ళకే బడి మాన్పించి కుట్టుపనిలో పెట్టారు. ఆయన చదువుకున్న బడి అంతే. తర్వాత నేర్చిందంతా పనయ్యాక మిగిలిన టైంలో, పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదే. పదిహేనేళ్ళ వయసుకి ఇనుప కర్మాగారంలో గుమాస్తా, పదిహేడుకి బాసెల్‌లో ఒక పత్రిక సంపాదకుడి దగ్గర సెక్రటరీ.

1748లో, అంటే సరిగ్గా ఇరవయ్యేళ్ళప్పుడు, స్విట్జర్లాండ్‌లోని కూర్ పట్టణంలో సాలిస్ అనే ప్రభువుల ఇంట్లో పిల్లలకి చదువు చెప్పే పని దొరికింది. జీతం కన్నా ఆ ఇంట్లో ఉన్న లైబ్రరీ ఆయనకి పెద్ద లాభం. ఎనిమిదేళ్ళు అక్కడే ఉండి లెక్కలు, ఖగోళం, తత్వం చదివాడు, పరికరాలు సొంతంగా చేసుకున్నాడు. 1752 నుంచి ఏ నెలలో ఏ విషయం మీద పనిచేశాడో ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు, చనిపోయే దాకా ఆ అలవాటు మానలేదు. ఇరవై ఐదేళ్ళ కమిట్ హిస్టరీ అన్నమాట! మన గ్రూప్ ప్రాజెక్టుల్లో అది ఇరవై ఐదు రోజులు కూడా ఉండదు.

ఆయన అసలు ప్రశ్న చాలా మామూలుది: వెలుగుని కొలవడం ఎలా? అప్పటికి లైట్ సెన్సర్ లేదు, కెమెరా లేదు. కొవ్వొత్తులు, గాజు పలకలు, అద్దాలు, తన కళ్ళు ఉన్నాయి. ఒక వెలుగు ఇంకోదానికి ఎన్ని రెట్లో మన కన్ను చెప్పలేదు. కానీ పక్కపక్కన పెట్టిన రెండు ఉపరితలాలు ఒకేలా వెలుగుతున్నాయా లేదా అన్నది బాగానే చెప్తుంది. ఆ ఒక్క బలాన్ని పట్టుకుని, కొవ్వొత్తులు ముందుకీ వెనక్కీ జరిపి, దూరాల నుంచి లెక్కలు తీశాడు. అలా వచ్చిందే 1760లో ఆగ్స్‌బర్గ్‌లో అచ్చయిన లాటిన్ పుస్తకం ఫోటోమెట్రియా. మ్యాట్ ఉపరితలం వెలుగుకి కోణం, దాని కొసైన్‌తో ఉన్న సంబంధం అందులో ఉంది. నా బండి బాడీ మీద పడే నీడలు ఆ లెక్కే. మనం గేమ్స్‌లో వాడే ఆల్బెడో అనే మాటని కాంతి లెక్కలోకి తెచ్చిందీ ఆ పుస్తకమే.

నా అద్దాల గొడవా అందులోనే ఉంది. రంగు గాజుని పల్చటి పొరలుగా ఊహించండి. మొదటి పొర పది శాతం కాంతిని మింగితే, రెండోది మిగిలినదాంట్లో పది శాతం మింగుతుంది. 100 కాస్తా 90, తర్వాత 81, తర్వాత 72.9. ఒక్కటి మాత్రం దాచకూడదు: ఈ సంగతి 1729లోనే పియెర్ బూగే అనే ఫ్రెంచ్ ఆయన కనిపెట్టాడు. లాంబర్ట్ ఆయన పేరు చెప్పి మరీ, దాన్ని శుభ్రమైన గణితంలో పెట్టాడు. 1852లో ఆగస్ట్ బీర్ రంగు ద్రావణాలకి విస్తరించాడు. మన కెమిస్ట్రీ ల్యాబ్ రికార్డులో మాత్రం బీర్, లాంబర్ట్ మిగిలారు, బూగే జారిపోయాడు.

1761లో పై అకరణీయ సంఖ్య కాదని తొలిసారి నిరూపించింది కూడా ఈ దర్జీ కొడుకే. 1764లో బెర్లిన్ వెళ్ళాడు. అక్కడి రాజు రెండో ఫ్రెడరిక్‌కి ఈయన వేషం, మాట తీరు అస్సలు నచ్చలేదు. అయినా మరుసటి ఏడాది అకాడమీలోకి తీసుకున్నాడు. అక్కడ ఆయిలర్, తర్వాత లగ్రాంజ్ ఆయన సహచరులు. డిగ్రీ లేని మనిషి, వాళ్ళ మధ్య! 1772లో మూడు రంగులు కలిపి రంగుల పిరమిడ్ కట్టాడు, విమానాల చార్టుల్లో ఇప్పటికీ వాడే మ్యాప్ పద్ధతినీ ఆ ఏడాదే ప్రచురించాడు. పెళ్ళి చేసుకోలేదు. 1777 సెప్టెంబర్ 25న బెర్లిన్‌లో చనిపోయాడు, నలభై తొమ్మిదేళ్ళకి.

ఇక నా బగ్. అసలు అద్దం మందం 70 మిల్లీమీటర్లు, అది ఎర్ర కాంతిని సగమే వదులుతుంది అనుకుందాం. 1/35లో ఆ మందం 2 మిల్లీమీటర్లు. అదే గాజు 2 మిల్లీమీటర్లే ఉంటే 98 శాతం ఎర్ర కాంతి దాటిపోతుంది. రంగు ఎక్కడ కనిపిస్తుంది? బండిని చిన్నది చేశా గానీ, గాజు మింగే శక్తిని 35 రెట్లు పెంచలేదు. ఫార్ములా తప్పు కాదు, అర్థం కాకుండా కాపీ చేసిన నాది తప్పు. కిట్లు కట్టేవాళ్ళు కిటికీ లోపలి వైపు పారదర్శకమైన ఆకుపచ్చో, స్మోక్ రంగో పూస్తారు. వాళ్ళు కంటితో చేసే సవరణ కూడా ఇదే. ఆ ఒక్క లైన్ మార్చగానే కిటికీలు సీసా పెంకులా పచ్చబడ్డాయి. రూమ్మేట్‌ని నిద్ర లేపి మరీ చూపించా.

నాకు ఎం-టూ బ్యాక్‌లాగ్ ఉంది. ఈ క్లబ్‌లో చాలామందికి తెలుసు. లెక్కలు నా వల్ల కావు అని ఏడాదిగా అందరికీ చెప్పుకు తిరుగుతున్నా. అరవై మార్కులకి సరిపడా పాత పేపర్లు బట్టీ పట్టే ప్లాన్ కూడా వేసుకున్నా. లాంబర్ట్ కథ చదివాక మేధావినైపోయానని అనను. కానీ ఆయనకి నా వయసులో టీచర్ లేడు, వీడియో లేదు, పగలంతా వేరేవాళ్ళ ఉత్తరాలు రాసే ఉద్యోగం. నాకు అవన్నీ ఉండి కూడా, ఆ ఎక్స్‌పోనెన్షియల్ ఏం చేస్తుందో తెలుసుకోడానికి ఒక బొమ్మ బండి అద్దం కావాల్సొచ్చింది.

ఈ నెల నుంచి నేనూ ఒక నోట్‌బుక్ పెట్టా. నెలకో పేజీ. మొదటి పేజీలో ఒక్క లైనే ఉంది: కాంతి పొరపొరకీ ఎందుకు అలా తగ్గుతుందో పుస్తకం చూడకుండా రాబట్టా. సప్లీ వచ్చే నెల.