ఖనిజ ప్రేమికుడు జేమ్స్ స్మిత్‌సన్

వాషింగ్టన్ వెళ్లి స్మిత్‌సోనియన్ మ్యూజియములు చూడకుండా తిరిగివచ్చిన తెలుగు కుటుంబం అమెరికాలో ఉండదంటే అతిశయోక్తి కాదు. దేశం నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు తీసుకుపోయి చూపించే వింతలలో నయాగరా జలపాతం తరువాతి స్థానం దానిదే. అక్కడి హోప్ వజ్రం ముందు నిలబడి, ఇది మన కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికినదట అని వారికి చెప్పి మనమూ కాస్త గర్వపడుతుంటాం. అయితే ఆ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆయన సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన అమెరికా గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టలేదు. ఆయన వ్యాసంగమూ, వ్యసనమూ రాళ్లే. అంతకంటె మనకు ముఖ్యమైన విషయం, ఆయన ప్రకటించిన మొట్టమొదటి పరిశోధనా వ్యాసం మన హైదరాబాదు, మచిలీపట్నం బజారు సరుకును గురించినది.

మా కమ్మింగ్ తెలుగువారిలో కొందరికి ఆయన మరొక దారిన పరిచయమైనాడు. ఈ ఊరు జార్జియా రాష్ట్రపు బంగారు నేలల్లో ఉన్నది. 1829 ప్రాంతంలో బంగారం కోసం జనం ఎగబడిన డలానెగ మాకు ఉత్తరాన దగ్గరలోనే. పడమరగా సుమారు గంట ప్రయాణం చేస్తే కార్టర్స్‌విల్‌లో టెల్లస్ మ్యూజియం, అందులో గదినిండా ఖనిజాలు. ఇటువంటి చోట పిల్లలకు రాళ్ల పిచ్చి పట్టడంలో ఆశ్చర్యం లేదు. వారిని వెంటబెట్టుకుని తిరిగే పెద్దలకు అది అంటుకోవడంలో అసలే లేదు. చుట్టుప్రక్కల జరిగే ప్రదర్శనలు చాలక, వీలైన ఏడు ఆరిజోనాలో 1955లో మొదలైన టూసాన్ అంతర్జాతీయ ఖనిజ ప్రదర్శనకు కూడా వెళ్లివస్తుంటాం.

అది మన తిరునాళ్లకు ఏమీ తీసిపోదు. ఊళ్లోని హోటలు గదులు సైతం దుకాణాలై, దేశదేశాల వర్తకులు రాళ్లు పరచుకుని కూర్చుంటారు. మన కళ్లు ముందు పోయేది మన దేశపు రాళ్ల మీదికే. ఆకుపచ్చ గాజుపలుకుల్లా మెరిసే అపోఫిల్లైట్, లేత గులాబిరంగు స్టిల్‌బైట్, పుణె దగ్గర వాఘోలిలో దొరికే నీలి కావన్‌సైట్, ఇవన్నీ దక్కను నల్లరాతి పొరల్లో బావి తవ్వినప్పుడో, కంకర కోసం క్వారీ పేల్చినప్పుడో బయటపడినవి. ఆ నల్లరాయి మన ఆదిలాబాదు, వికారాబాదు వైపులకు కూడా వ్యాపించి ఉన్నది.

ప్రతి రాయి ప్రక్కన ఒక చిన్న చీటీ ఉంటుంది. ఖనిజం పేరు, గని పేరు, ఊరు, జిల్లా దానిమీద రాసి ఉండాలి. ఆరితేరిన సేకర్తలు రాయికంటె ముందు చీటీ చూస్తారు. చీటీ పోయిన రాయికి విలువ తగ్గుతుంది. అది ఏ నేలలో, ఏ రాళ్ల నడుమ పుట్టిందో తెలియకపోతే శాస్త్రానికి దానివల్ల ఉపయోగం తక్కువ. మన రాళ్ల చీటీల మీద చాలాసార్లు ఇండియా అన్న ఒక్క మాట తప్ప మరేమీ ఉండదు. ఊరు, తాలూకా, జిల్లా అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోవడం పరదేశంలో ఉన్న మా బోటివారికి కొంచెం గుచ్చుకుంటుంది. కొంటామో మానతామో గాని, ఏ ఊరిదని అడగకుండా మాత్రం ఊరుకోము.

ఈ చీటీల మధ్యనే స్మిత్‌సొనైట్ అన్న పేరు కనిపిస్తుంది. న్యూమెక్సికోలోని కెల్లీ గనిలో దొరికిన ఆ ఖనిజం ద్రాక్షగుత్తి ఆకారంలో, నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో, పట్టుగుడ్డ వంటి నిగనిగతో ఉంటుంది. మంచి ముక్క ధర వింటే చేయి వెనక్కు వస్తుంది. ఆ పేరు మన స్మిత్‌సన్‌దే.

చీటీ సరిగా లేని పుట్టుక ఆయనది. 1765 ప్రాంతంలో పారిస్‌లో రహస్యంగా జన్మించాడు. తల్లి ఎలిజబెత్ మేసీ ధనవంతురాలైన వితంతువు. తండ్రి ఇంగ్లండులో నార్తంబర్లండ్ డ్యూకు. ఆ డ్యూకు తొలి ఇంటిపేరు స్మిత్‌సన్. ఆ బిడ్డను తన బిడ్డగా ఆయన లోకం ఎదుట ఒప్పుకొనలేదు. కుర్రవాడు మేసీ అనే పేరుతోనే పెరిగి, ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలో 1786లో పట్టా పుచ్చుకున్నాడు. తల్లి 1800లో మరణించిన తరువాతనే స్మిత్‌సన్ అనే పేరు పెట్టుకోగలిగాడు. ఈనాడు వాషింగ్టన్‌లో అన్ని భవనాల మీద వెలుగుతున్న పేరు ముప్పై అయిదేళ్లు దాటేవరకు ఆయనది కానే కాదు.

రాళ్ల మీద ప్రేమ విద్యార్థి దశలోనే పట్టుకున్నది. 1784లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫోజాతో కలిసి స్కాట్లండు వెళ్లి, సముద్రం మధ్య నల్లరాతి స్తంభాలతో నిలిచిన స్టాఫా ద్వీపంలో రాళ్లు ఏరాడు. అదీ మన దక్కను వంటి నల్లరాయే. అటువంటి రాతి బొరియల్లో పెరిగే జియోలైటుల మీద 1811లో ఒక వ్యాసం కూడా రాశాడు. మనం టూసాన్‌లో చూసే స్టిల్‌బైట్ ఆ కుటుంబంలోనిదే. 1787లో, ఇరవైరెండేళ్ల ప్రాయంలో, రాయల్ సొసైటీ సభ్యుడైనాడు.

ఇక మన సంగతి. ఆ రోజుల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఉండేవాడు. మన రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. వెదురు కణుపుల మధ్య గడ్డకట్టే తెల్లని పదార్థం ఆయన దృష్టిని ఆకర్షించింది. మనవారు వెదురుప్పు అనీ, వైద్యులు వంశలోచనం అనీ వ్యవహరించేది అదే. 1790లో దాన్ని గురించి రాయల్ సొసైటీకి రాసి, నమూనాలు కూడా సమర్పించాడు. వాటిని పరీక్షించే పని ఇరవైయయిదేళ్ల మేసీ మీద పడింది.

అవి ఏడు పొట్లాలు. మొదటిది రస్సెల్ స్వయంగా వెదురు నుంచి తీసినది. రెండవది కొంత ఆయన ఎదుటనే తీసినది, కొంత వెదురు పనివాడు తెచ్చి ఇచ్చినది. మూడవది హైదరాబాదు నుంచి వచ్చిన మేలు రకం. నాలుగు, అయిదు, ఆరు మచిలీపట్నంలో చవకగా అమ్మేవి. కాల్చిన ఎముకలతో చేసిన నకిలీ సరుకని వాటి మీద అనుమానం ఉండేది. ఏడవ పొట్లానికి ఏ వివరమూ జతచేసి లేదు. మేసీ వాటిని నీటితో, ఆమ్లాలతో, క్షారాలతో, నిప్పుతో పరీక్షించి, 1791లో ప్రచురించిన వ్యాసంలో ఏ పొట్లం ఎక్కడిదో ముందుగా చెప్పి, తరువాతనే ఫలితాలకు వచ్చాడు. వెదురులో పుట్టిన ఆ పదార్థం చెట్టు జిగురు కాదు, ఉప్పూ కాదు. ఇసుకలోనూ, చెకుముకిరాతిలోనూ ఉండే సిలికా. చెట్టు తన కడుపులో రాయిని తయారుచేస్తుందన్నమాట. లండన్ దగ్గర ఇస్లింగ్టన్‌లో గాజుగదిలో పెంచిన వెదురులో దొరికిన గులకరాయి అయితే గాజును గీసేంత గట్టిగా ఉన్నదట.

ఆ పద్ధతిని ఆయన చివరివరకు విడువలేదు. కాలమైన్ అనే యశదపు ముడి ఖనిజం అంతా ఒకటేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆస్ట్రియాలోని బ్లైబర్గ్, హంగరీ, ఇంగ్లండులోని సోమర్సెట్, డార్బీషైర్ల నమూనాలు విడివిడిగా పరీక్షించి, కొన్ని కార్బొనేటులనీ కొన్ని సిలికేటులనీ 1802లో తేల్చిచెప్పాడు. అందులోని కార్బొనేటుకే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్యూడాన్ 1832లో స్మిత్‌సొనైట్ అని పేరు పెట్టాడు. అప్పటికి ఆయన గతించి మూడేళ్లు.

ఇటువంటివన్నీ కలిపి ఇరవైఏడు వ్యాసాలు. చిన్న ఊదుడు గొట్టంతో ఆవగింజంత ముక్కను పరీక్షించడంలో ఆయనకు సాటి లేరని పేరు. ఒక స్త్రీ చెంప మీది కన్నీటి బొట్టును పట్టబోతే సగం జారిపోగా, మిగిలిన సగంలో ఏయే లవణాలున్నవో కనుక్కున్నాడని మిత్రులు చెప్పుకునేవారు. 1823లో మంచి కాఫీ కాచే విధానం మీద కూడా ఒక వ్యాసం రాశాడు. మన ఫిల్టరు కాఫీ ఎరుగడు పాపం. నెపోలియన్ యుద్ధాల కాలంలో డేన్మార్కువారి చేత చిక్కి ఖైదు కూడా అనుభవించాడు. పెళ్లి చేసుకోలేదు.

1826లో వీలునామా రాస్తూ ఆస్తి తమ్ముడి కొడుకుకు వదిలి, అతడు సంతానం లేకుండా పోతే అంతా అమెరికా ప్రభుత్వానికి చెందాలనీ, దానితో విజ్ఞానాన్ని పెంచి పంచే సంస్థను వాషింగ్టన్‌లో నెలకొల్పాలనీ నిర్దేశించాడు. ఎందుకో కారణం రాయలేదు. పుట్టుక చూసే సమాజం మీద కోపమని కొందరి ఊహ. మాకూ అదే సబబుగా తోస్తుంది. 1829 జూన్‌లో ఇటలీలోని జెనోవాలో ఆయన, 1835లో సంతానం లేకుండా ఆ తమ్ముడి కొడుకు మరణించారు. పరాయివాడి దానం పుచ్చుకోవడం దేశగౌరవానికి తగదని సెనేటులో కాల్‌హూన్ వంటివారు వాదించారు. జాన్ క్విన్సీ ఆడమ్స్ పట్టుబట్టి నెగ్గించాడు. 1838లో లక్షా నాలుగువేల తొమ్మిదివందల అరవై బంగారు సవరన్లు ఓడ మీద వచ్చినవి. కరగించి నాణేలు పోయగా అయిదు లక్షల డాలర్లకు పైగా తేలింది. సంస్థ 1846 ఆగస్టులో ఏర్పడింది.

ఆ బంగారంతో పాటే ఆయన కాగితాలు, వేలకొద్దీ ఖనిజాలు కూడా వచ్చినవి. జీవితమంతా ఒక్కొక్కటిగా ఏరినవి. 1865 జనవరి 24న సంస్థ భవనంలో పనివారు ఒక పొయ్యి గొట్టాన్ని పొరబాటున పొగగూటికి బదులు గోడ సందులోకి అమర్చడంతో మంటలు లేచి, రాళ్లూ చీటీలూ దినచర్య పుస్తకాలూ అన్నీ బూడిదైనవి. చిన్న గ్రంథాలయం మాత్రం దక్కింది. ఆయన పేరిట వెలసిన మ్యూజియంలో నేడు మూడు లక్షలకు పైగా ఖనిజ నమూనాలున్నవి. బ్రూక్లిన్ వంతెన కట్టిన రోబ్లింగ్ సేకరించిన పదహారువేలు 1926లో వచ్చినవి. స్మిత్‌సన్ సేకరణ మాత్రం లేదు. ఆయన రాళ్లలో దేన్ని గురించి తెలుసుకోవాలన్నా, ఏ ఊరిదో రాసిపెట్టిన ఆ వ్యాసాలే మనకు ఆధారం.

జెనోవాలో ఆయనను పాతిపెట్టిన కొండను రాతి క్వారీ కొద్దికొద్దిగా తినివేయసాగింది. సమాధి కూలిపోయే పరిస్థితి రాగా, టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ స్వయంగా వెళ్లి అస్థికలను 1904 జనవరిలో వాషింగ్టన్ చేర్చాడు. పాత సమాధి రాయిని కూడా తెప్పించి సంస్థ భవనంలోనే ప్రతిష్ఠించారు. ఆయన డెబ్భై అయిదవ ఏట మరణించాడని ఆ రాతి మీద చెక్కి ఉన్నది. నిజానికి ఆయనకు అప్పుడు అరవైనాలుగు.